నైవేద్యం కాని కప్పు

భిలాయి ఊళ్ళో, రిసాలిలోని ఆ ఇంట్లో దేవుడికి చూపించనిదే ఏ పదార్థమూ మనిషి నోటికి చేరేది కాదు. నూకమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి నలభై మూడేళ్ళుగా ఆ నియమం సాగుతోంది. వండుతూ రుచి చూడడం మాట అటుంచి, మూత తీసి ఆవిరిని పీల్చడం కూడా ఆమె దృష్టిలో దోషమే. ఉప్పెంతో పిడికిలి చెప్పాలి. ఉడికిందో లేదో చెవి చెప్పాలి. నాలుకకు అక్కడ అధికారం లేదు.

దానికి తోడుగా ఇంకొక నియమం ఉండేది. నివేదించినది ప్రసాదం గనుక దానికి వంక పెట్టరాదు. ఉప్పు మించినా, అడుగంటినా కళ్ళకద్దుకొని స్వీకరించాలే గాని పెదవి విరవకూడదు. ఈ రెండింటినీ నూకమ్మకు ఆమె అత్తగారు నేర్పారు. నూకమ్మ తన కోడలు కల్యాణికి నేర్పింది.

కల్యాణి భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. భర్త సూర్యప్రకాష్ అక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేస్తాడు. ఆమె నాలుగేళ్ళుగా ఇంటి వెనుక గదిలో చాక్లెట్ టీలు తయారుచేసి అమ్ముతోంది. ఏలూరు వైపు తోటల నుంచి కోకో గింజల పొట్టు బస్తాలలో తెప్పించి, ఇనుప మూకుడులో వేయించి, ఒకదానిలో అస్సాం తేయాకు, ఒకదానిలో నిమ్మగడ్డి, మరొకదానిలో మరొకటి కలిపి పొట్లాలు కడుతుంది. సివిక్ సెంటర్ దగ్గర టీ దుకాణం నడిపే వందన ఆ పొట్లాలలో ముప్పాతిక వంతు తీసుకొనేది. అటువంటి వందన క్రితం నెల సరుకు చూసి ఫోన్ చేసింది. తాగినవారు మాడు వాసన అంటున్నారట. గురువారం నాలుగు గంటలకు తానే వచ్చి మూడు రకాలు రుచి చూస్తానని, నచ్చకపోతే ఇక సరుకు తీసుకోలేనని చెప్పింది.

ఆ గురువారం కార్తీక మాసంలో పడింది. తెల్లవారగానే కల్యాణి తేయాకు కలిపిన చాక్లెట్ టీ కాచి, దేవుడి గదిలో పెట్టి, గంట మ్రోగించి, రెండు కప్పులలో పోసి తెచ్చింది.

"ఎలాగుంది మావయ్యా?"

నూకమ్మ భర్త నరసింగరావు ముక్కుపొడి డబ్బాను పంచె మడతలో దోపుకొన్నాడు. "దేవుడే తాగినాక నానేపాటి? బాగున్నాది" అన్నాడు.

"మీ ముక్కుకి ముక్కుపొడీ మల్లెపూవూ ఒకటే. అత్తయ్యా, మీరు చెప్పండి. సచ్ బతాయియే, నిజం చెప్పండి."

నూకమ్మ కప్పును కళ్ళకద్దుకొని ఒక గుటక మింగింది. తేయాకు వగరు తరువాత అడుగంటిన అన్నం చేదు ఒకటి నాలుక అంచును పట్టుకొన్నది. అది వచ్చిన చోటనే ఆగిపోయింది, మాటగా మారలేదు.

"ప్రసాదం బాగోకేటవుద్ది, పిల్లా" అన్నది.

కల్యాణి వెంటనే లోపలికి పోలేదు. పరీక్ష ఫలితాల కాగితం ముందు నిలబడి తన అంకె కోసం వెతుకుకొనే విద్యార్థినిలా ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నదని నూకమ్మకు తోచింది గాని, ఎందుకో తెలియలేదు.

కొంతసేపటికి వంటింట్లో కల్యాణి మూడవ రకానికి కోకో పొడి కలపడానికి అలమరలోని డబ్బా తీసింది. గోధుమరంగు పొడిని చెంచాతో ఎత్తి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గరకు తీసుకొని, తరువాత కలిపే గిన్నె మీదికి వంచబోయింది.

"ఆగే! ఏటది? సాంబ్రాణి పొడే అది!"

చెంచా గాలిలో ఆగింది. గడపలో నిలబడిన నూకమ్మకే ఆ వాసన ఘుమ్మని తగులుతున్నది.

"ముక్కు కాడికి తెచ్చుకున్నావు గదే. తెలీలేదా?"

కల్యాణి చెంచాను డబ్బాలో పెట్టి, మూత బిగించి, అత్తగారి వైపు తిరిగింది.

"తెలియటం లేదత్తయ్యా. ఆషాఢంలో జ్వరం వచ్చింది కదా. జ్వరం తగ్గింది, వాసన రాలేదు. కాఫీ అయినా కిరసనాయిలైనా నాకు నీళ్ళే. డాక్టర్ ఆగమన్నారు, వస్తుందన్నారు."

"నాలుగు నెల్లు! మాకు చెప్పకపోయావేటి?"

"టీ అమ్మేదానికి ముక్కు లేదంటే ఎవరు కొంటారు? దుకాణం బంద్. అయినా రోజూ మిమ్మల్ని అడుగుతూనే ఉన్నాను కదా. మీరు బాగుందన్నారు. మావయ్య కూడా బాగుందన్నారు. ఆయనా బాగుందన్నారు. సరేనని పంపించేశాను. పోయిన నెల సరుకూ అలాగే పోయింది."

నూకమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. క్రితం నెల కప్పు ఆమెకు జ్ఞాపకం ఉన్నది. అందులోనూ ఆ చేదే. దానినీ కళ్ళకద్దుకొని తాగింది. దైవం పట్ల తన మర్యాద తాను కాపాడుకొన్నాననుకొన్నది. గుంతలున్న దారిలో చూపు లేని మనిషికి 'దారి బాగున్నది, పద' అని చెప్పి పంపినట్టు అయిందని ఇప్పుడు తెలిసింది.

"అయితే చెప్పండి. పొద్దున్నది ఎలా ఉంది?" అని కల్యాణి అడిగింది.

నూకమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ కప్పు గురించి ఇప్పుడూ మాటాడను. సామికి పెట్టీసినాం. మళ్ళీ కాచు. ఈసారి దేవుడి గదిలోకి తేకు. ముందు నేను తాగుతాను."

ముందుగదిలోంచి నరసింగరావు విననే విన్నాడు. "ఏటే నూకా, నలభై మూడేళ్ళ పట్టు ఇయ్యాళ టీ నీళ్ళకి వదిలేస్తావా?"

"ఆయనకి పెట్టేది ఎప్పుడూ ఆయనకే. ఇది అమ్ముడు సరుకు. దీనికి మనం వంక పెట్టకపోతే కొన్నోళ్ళు పెడతారు."

మాట తేలికగానే అన్నది. దేవుడి గది పరదా దించే వేళ మాత్రం ఆమె తన చేతులను ఒకసారి చూసుకొన్నది. కోవెలలో శ్రీరామనవమికి ఇరవై శేర్ల పులిహోర కలిపిన చేతులవి. ఒక్క మెతుకు ముందుగా నోట పెట్టుకొని ఎరుగదు. 'స్వామీ, ఇది నీ వాటా కాదు. నీకు పెట్టి నేను అబద్ధమాడడం కంటె నీకు పెట్టకుండా నిజం చెప్పడం మేలని తోచింది. తప్పయితే నా ఒక్కదాని మీదనే వెయ్యి' అని మనసులో అనుకొని, వచ్చి వంటింటి పీట మీద కూర్చున్నది.

కల్యాణి అదే పొట్టుతో మళ్ళీ కాచి కప్పు అందించింది. నూకమ్మ దానిని కళ్ళకద్దుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకొని ఆవిరిని నిండా పీల్చింది. తరువాత తాగింది.

"మాడింది" అన్నది. జీవితంలో ఒక వంటకానికి ఆమె పెట్టిన మొదటి వంక అది. "పొట్టు ఎక్కువ వేగిపోనాది. తేయాకు మంచిదే. పైన మసి పూసినట్టున్నాది."

కల్యాణి ముఖం చిన్నబోతుందేమోనని ఆమె భయపడింది. కాని కల్యాణి పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకొని, "హమ్మయ్య" అన్నది. "నాలుగు నెలలకి ఒక మనిషి ఒక మాట చెప్పింది."

బస్తా విప్పి కొత్త పొట్టు తీశారు. మూకుడు పొయ్యి మీద పెట్టాక కల్యాణి గరిటె పట్టుకొని నిస్సహాయంగా చూసింది. ఇన్నాళ్ళూ పొట్టు వేగడం ఆమెకు వాసనతోనే తెలిసేది. లోపలి నుంచి చాక్లెట్ వాసన లేచిన మరుక్షణం దించేసేది. ఆ వాసన ఆగిపోయాక, పచ్చిగా ఉండిపోతుందన్న భయంతో ప్రతిసారీ ఇంకొంచెంసేపు ఉంచుతూ వచ్చింది.

"ముక్కు మాట వదిలీ. నేను పులిహోర పోపు ముక్కుతో వేస్తానా? చెవి ఇలా పెట్టు."

ఇద్దరూ పొయ్యి మీదికి వంగారు. పొట్టు మొదట చిటచిటలాడింది. అది లోపలి తడి చప్పుడని నూకమ్మ చెప్పింది. మెల్లగా చిటపటలు దూరమయ్యాయి. గరిటె కింద పొట్టు తడి ఆకుల మెత్తదనం పోయి, ఇసుకలా గరగరమన్నది. సరిగ్గా ఆ వేళనే నూకమ్మ ముక్కుకు లేత బెల్లం పాకం వంటి తీపి వాసన, దాని వెనుక ఎండిన ఇప్పపూల వాసన తగిలాయి.

"ఇదీ. దించు! ఆ గరగర జ్ఞాపకం పెట్టుకో."

రెండవ వాయి కల్యాణి కళ్ళు మూసుకొని వేయించింది. నూకమ్మ ఏమీ చెప్పలేదు. కల్యాణి తనంతట తానే దించింది. మొదటి వాయికీ దీనికీ అర నిమిషం తేడా కూడా లేదు. కొత్త పొట్టుతో కాచిన తేయాకు టీ ఒక గుటక తాగి, నూకమ్మ రెండవ గుటక కూడా వేసింది. నిమ్మగడ్డి కలిపినది తేలికగా, ఎండకు తిరిగి వచ్చినవారికి ఇవ్వదగినట్టు ఉన్నది. ఫరవాలేదన్నది.

మూడవది వచ్చింది.

"తులసి, శొంఠి, కోకో" అన్నది కల్యాణి. "ఇది నా సొంత ఆలోచన అత్తయ్యా. కార్తీకం కదా. జ్వరానికి ముందే అనుకున్నాను, రుచి చూడలేకపోయాను."

తులసి అన్న మాట వినడంతోనే నూకమ్మ చెయ్యి అప్రయత్నంగా కప్పును నొసటి దాకా ఎత్తింది. తాగింది. తులసి కారం ఒకవైపు, కోకో చేదు ఒకవైపు లాగుతున్నాయి. నడుమ శొంఠి గొంతులో గీరుకొన్నది. మూడు మంచి వస్తువులు ఒక గిన్నెలో చేరి ఒకదాని మాట ఒకటి విననట్టు ఉన్నాయి. చెప్పాలి. కాని ఆ మొక్కకు రోజూ నీరు పోసి ప్రదక్షిణం చేసిన మనిషి తాను. దానికి వంక పెట్టడానికి నోరు తెరుచుకోలేదు.

"బాగున్నాది" అన్నది.

కల్యాణి ముఖం వెలిగింది. "అయితే వందన దీదీకి ఇదే చివర పెడతాను. దీని మీదే ఆర్డర్ అడుగుతాను."

నాలుగు గంటలకు వందన వచ్చింది. చేతిలో చిన్న పుస్తకం, భుజాన సంచి. మాట తక్కువ మనిషి. మొదటి కప్పు తాగి కనుబొమలు ఎత్తి, "అరే వాహ్! యే తో పహలే జైసీ హై" అన్నది. పాత రుచి తిరిగి వచ్చిందని సంతోషించింది. రెండవది తాగి తల ఊపింది. మూడవ కప్పు అందిస్తూ కల్యాణి, "దీదీ, యే మేరీ ఖాస్ హై" అని, ఇది తన ప్రత్యేకమని చెప్పుకొన్నది. ఆమె గొంతులో ఆశ దాగలేదు.

వందన ఒక గుటక తాగి కప్పు దించింది. నచ్చలేదని నేరుగా అనడానికి మర్యాద అడ్డొచ్చింది. మంచం అంచున కూర్చున్న నూకమ్మ వైపు తిరిగి, "మాజీ, ఆప్‌నే పీ? కైసీ లగీ?" అని, తాగారా, ఎలా ఉందని అడిగింది.

బాగున్నదని ఒక్క మాట అంటే చాలు. వందన పెద్దావిడ మాట తీసివేయలేక నాలుగు పొట్లాలైనా తీసుకొంటుంది. అవి దుకాణానికి పోతాయి, మళ్ళీ ఫోన్ వస్తుంది. కల్యాణి రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, ఉదయంలాగానే అత్తగారి ముఖం చూస్తున్నది. వేరే దారి లేక ఆ ముఖాన్నే నమ్ముకొన్న చూపు అది.

"అచ్ఛీ నహీఁ హై, బేటీ" అన్నది నూకమ్మ. బాగోలేదని.

కల్యాణి తుళ్ళిపడింది. నూకమ్మ ఆమె వైపు తిరిగి, తెలుగులో, తల వంచకుండా చెప్పింది. "ఇందాక దీన్ని బాగున్నాదన్నాను. అబద్ధం. తులసి పేరు విన్నాక నోరు రాలేదు. మూడూ దేనికదే మంచివి. కలిస్తే గొంతుకి పడవు. నన్ను నమ్మి నువ్వు దీన్ని ముందుకి తెచ్చినావు. తప్పు నాది."

నరసింగరావు తెరవబోయిన ముక్కుపొడి డబ్బాను మూసేశాడు. కల్యాణి లేచి, తులసి కప్పును పక్కకు జరిపి, వందన ఎదుట కూర్చున్నది. జ్వరం సంగతి, ఆషాఢం నుంచి తనకు వాసన లేని సంగతి, క్రితం నెల పొట్టు మాడిన కారణం హిందీలో ఒక్కటొక్కటిగా చెప్పింది. దేనినీ తగ్గించలేదు. వందన వింటూ పుస్తకం మూసింది. ఇక సరుకు తీసుకోదని నూకమ్మ అనుకొన్నది.

"పహలే బతానా థా" అన్నది వందన కొంచెం కఠినంగా. ముందే చెప్పవలసింది. తరువాత మొదటి కప్పులో మిగిలినది తాగేసి, మళ్ళీ పుస్తకం తెరిచింది. తేయాకుది తీసుకొంటుంది, ఇదివరకటిలో సగమే. నిమ్మగడ్డిది కొద్దిగా, చూడడానికి. తులసిది వద్దు. వచ్చే నెల మళ్ళీ తానే వచ్చి తాగి చూస్తుంది. గుమ్మం దాటుతూ, "మాజీ భీ బైఠేంగీ" అన్నది. అమ్మగారు కూడా కూర్చోవాలని. అది కోరికో షరతో తెలియలేదు.

కల్యాణి కప్పులు కడిగి బోర్లించింది. ఆమెకు కోపం వచ్చిందేమోనని నూకమ్మ వంటింటి గడప దగ్గర తచ్చాడింది.

"ఇంకేమైనా దాచారా?" అన్నది కల్యాణి వెనుదిరగకుండానే.

"నిమ్మగడ్డి దాన్లో గడ్డి ఒక చిటికెడు ఎక్కువైనాది."

"ఇంకా?"

నూకమ్మ చూపు అలమరలోని డబ్బాల మీదికి పోయింది. కల్యాణి చెయ్యి తుడుచుకొని, పొట్లాల మీద పేర్లు రాసుకొనే నోటుపుస్తకం తీసుకువచ్చి నేల మీద కూర్చున్నది.

"ఆషాఢం నుంచి పదకొండు రకాలు చేశాను అత్తయ్యా. అన్నీ డబ్బాల్లో ఉన్నాయి. ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో నాకు తెలియదు. అన్నిటి రుచీ మీకొక్కరికే తెలుసు."

ఆ పదకొండూ దేవుడికి పెట్టినవే. నూకమ్మ దేవుడి గది వైపు తిరిగింది. తరువాత ఒకసారి రెండు చేతులూ జోడించి, విడదీసి, కోడలి ఎదుట కూర్చున్నది.

"రాసుకో" అన్నది.