గింజ పట్టని చిక్కుడు

ఆ ఏడు సోమక్క పందిరి మీద చిక్కుడు తీగ ఊరందరి కళ్ళల్లో పడింది. ఆకులు మందం, పూలు పెద్దవి. కాయ ఒలిస్తే మాత్రం లోపల గింజ లేదు.

ఎందుకో తెలిసినవాడు రామనర్సయ్య ఒక్కడే. తర్లగూడ ఊళ్ళో ఒక పాలేరు కొడుకు. నాగ్‌పూర్‌లో వ్యవసాయం చదివి, బస్తర్ రాజ్యంలో సర్కారు తోట కొలువు సంపాదించాడు. అతని తల్లీ సోమక్కా కలిసి నాట్లేసినవాళ్ళు. ఆ చనువుతోనే వానలకు ముందు వచ్చి, "అత్తా, నీ చిక్కుడు విత్తనమియ్యి. గింజ లావయ్యే మందు పెట్టి మొలకలు తెస్త" అన్నాడు. పుట్టింటి నుంచి తెచ్చుకుని సొరబుర్రలో దాచుకున్న విత్తనమంతా ఆమె పోసేసింది. సగం విడిగా ఉంచాలని అతనికి చదువులో నేర్పారు. ఉంచలేదు. మొత్తం మందులో నానబెట్టాడు.

చిక్కుడు పండుగ వచ్చింది. దేవతకు పెట్టనిదే ఆ ఊళ్ళో ఎవరూ కొత్త చిక్కుడు నోట పెట్టరు. ఇంటింటి నుంచీ దోసెడు గింజలు రావాలి. సోమక్క చేట ఖాళీగా వచ్చింది.

పూజారి హడ్మా చేటలోకి చూసి, "మీ ఇంట్ల ఎవలో ముందే ఎంగిలి చేసిన్రు, అందుకే దేవత గింజ పట్టనియ్యలే" అన్నాడు.

"ఇంకెవలు? కడుపుతోటి ఉన్నామె. మనసైతే ఆగుతదా?" అని వెనక నుంచి ఒకామె అంది. నలుగురూ నవ్వారు.

"నేను ముట్టలే" అంది సోమక్క కోడలు లక్కే. మొదటి కాయలు తాలని తేలినప్పటి నుంచీ ఆ మాటే చెబుతోంది.

"తప్పు ఒప్పుకునే దాంక పంక్తిల కూసోవద్దు" అన్నాడు హడ్మా. లక్కే లేచి ఆవల నిలబడింది.

సర్కారు మనిషని రామనర్సయ్యకు ముందు వరసలో మంచమేశారు. దాని మీద కూర్చోవడం ఇక అతని వల్ల కాలేదు.

"ఆమె తప్పేం లేదు. మందు నాది" అన్నాడు లేచి.

"ఏంది మందు?" అని హడ్మా అడిగాడు.

"మొక్క లోపల కంటికానని గదులుంటయి. ఒక గది రెండయ్యే ముందు లోపలి సామాను రెండింతలైతది. సన్నటి దారాలు పుట్టి సగం ఇటు, సగం అటు గుంజుతయి, అన్నదమ్ములు వేరుపడ్డట్టు. నా మందు ఆ దారాలను అల్లుకోనియ్యదు. సామాను రెండింతలైంది, గది ఒక్కటే మిగిలింది. అందుకే ఆకు లావు, పువ్వు లావు."

"మరి గింజ?"

"గింజ కట్టాలంటే ఆ సామాను సరిగ్గ సగమవ్వాలె. ఒక్క తీరువి రెండుండేకాడ నాలుగుండేసరికి చిక్కుపడి వంతులు తప్పినయి. పుప్పొడి తాలుపోయింది."

"దేంతోటి చేస్తరు దాన్ని?"

రామనర్సయ్య తల దించుకున్నాడు. "సీమ నుంచి వచ్చే ఒక గడ్డతోటి. మన అడవిల నాభిగడ్డల గూడ ఆ విషమే ఉంటది."

నాభిగడ్డ అంటే అక్కడ తెలియనివారు లేరు. తింటే చావే.

"గింజ పట్టి ఉంటే ఆ విషం తాగిన తీగదే దేవతకు పెట్టేటోళ్ళం. ముందుగాల చెప్పాలని తోచలేదా, పంతులూ?" అన్నాడు హడ్మా. నిన్నటి దాకా నర్సయ్యా అనేవాడు.

"అన్నా, నీకు ఎప్పుడు ఎరుకైంది?" అని లక్కే అడిగింది.

"మొదటి కాయలు ఒలిచినప్పుడు."

"అప్పటి సందే నన్ను అంటాన్రు. నువ్వు విన్నవ్ గదా."

విన్నాడు. ఆమె పోసిన అంబలి తాగుతూ, ఆ పందిరి కిందే కూర్చుని విన్నాడు.

సోమక్క దగ్గరకొచ్చింది. "నా విత్తనంల పిడికెడన్న మిగిలిందా కొడుకా?"

"లేదత్తా."

ఆమె ఏడవలేదు. హడ్మా తన చేటలోంచి కొన్ని గింజలు ఆమె చేటలో వేశాడు. మిగతా ఇళ్ళవాళ్ళూ వేశారు. "మా అవ్వ చిక్కుడు గాదు ఇది" అంది సోమక్క. అంటూనే చేట పట్టుకుంది.

లక్కేను పిలిచి పంక్తిలో కూర్చోబెట్టారు. ఇందాక ఆమె నిలబడ్డ చోటికి రామనర్సయ్య వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు.

తిన్నాక లక్కే ఆకులో ఉడికిన చిక్కుళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తిను, అన్నా. దీంట్ల మందు లేదు."