లెక్కలోంచి కొట్టేసిన పొయ్యి

నేను ఒక పొయ్యిని. అప్పుడే మొహం చిట్లించకండి, మామూలు పొయ్యిని కాను. నా పొట్ట మీద 4417 అని నంబరు చెక్కి ఉంటుంది. మీ వంటింట్లో పొయ్యికి నంబరుందా? ఉండదు. పాపం, అది వంట మాత్రమే చేస్తుంది. నన్ను భూగోళాన్ని చల్లబరచడానికి పుట్టించారు.

పుట్టింది ఒక రేకుల కార్ఖానాలో. లోపల ఉక్కు గొట్టం, బయట పలచటి రేకు, అడుగున గాలి పోయే బెజ్జాలు, మూడు పొట్టి కాళ్లు. పుట్టగానే పరీక్ష పెట్టారు. బిందెడు నీళ్లు మరిగించమన్నారు, మరిగించాను. మూడు రాళ్ల పొయ్యితో పోలిస్తే కట్టెలు సగమే ఖర్చయ్యాయి, పొగ పావు వంతే వచ్చింది. ఇంజనీర్లు చప్పట్లు కొట్టి ఒకరినొకరు అభినందించుకున్నారు. కేవలం వేణ్ణీళ్లు తాగి బతికే జనం ఎక్కడో ఉన్నారనీ, నన్ను వాళ్లకోసమే చేశారనీ అనుకున్నాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఎక్కడో దూరదేశంలో విమానాలు తిప్పే కంపెనీ ఒకటుంది. పొగ వదలడం మానుకోవడం దానికి కష్టం. అందుకని ఇక్కడ కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల చేత పొగ మానిపించి, ఆ మానిన పొగను టన్నుల లెక్కన కొనుక్కుని, తానే మానినట్టు లెక్క రాసుకుంటుంది. అమ్మేది మా కంపెనీ. లేని సరుకు అమ్మే వ్యాపారం కదా, గోడౌను ఖర్చు కూడా ఉండదు. ఆడవాళ్లకు దక్కేది నేను, ఉచితంగా.

ఎనభై మందిమి లారీ ఎక్కి కర్నూలు జిల్లాలో పత్తికొండ అవతల ఒక ఊళ్లో దిగాం. నేను సుంకులమ్మ ఇంటికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. మూడు రాళ్ల పొయ్యిని ముప్పై ఏళ్లు ఊది ఊది ఛాతీ పాడు చేసుకుంది. దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని నిలబడేది. ఇంకో ఏడాది ఈ పొగ పీలిస్తే తన మందులు కూడా పనిచేయవని డాక్టరు చెప్పేశాడు. అందుకే ఊరంతా నన్ను ఊరికే వచ్చిన వస్తువనుకుంటే ఆమె మాత్రం మందనుకుంది.

మొదటిరోజే నా బండారం బయటపడింది. ఆ ఊళ్లో తినేది సంగటి. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, కట్టె రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి గెలకాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఇంజనీర్లకు తెలియాలి కదా. ఆమె గెలుకుతుంటే కుండ ఊగింది, కుండతో నేను ఊగాను, ఇద్దరం కలిసి బోర్లా పడ్డాం. సంగటంతా నేలపాలైంది.

"పొయ్యి ఇయ్యమంటే చెక్కభజన చేసేదాన్ని ఇచ్చినారే!" అంది సుంకులమ్మ.

అన్ని ఇళ్లలోనూ ఇదే భాగోతం. తక్కిన డెబ్భై తొమ్మిది మందీ అటకెక్కారు. ఒకడిలో ఉల్లిగడ్డలు, ఇంకొకడిలో పొదుగుతున్న కోడి. మూడు నెలలకోసారి ఆదోని నుంచి మా కంపెనీలో పనిచేసే తస్లీమా అనే అమ్మాయి కాగితాలు పట్టుకుని సర్వేకు వచ్చేది. ఆ రోజు మాత్రం వాళ్లను కిందికి దింపి, పాత పొయ్యి మసి కాస్త పూసి, గుప్పెడు బూడిద పోసి ముస్తాబు చేసేవాళ్లు. వాడటం లేదంటే వెనక్కి తీసుకుపోతారని భయం. మరి కోడి ఎక్కడికి పోవాలి?

"పాపా, ఊగులాడతాదని రాసుకో" అంది సుంకులమ్మ.

"అవ్వా, వాడుతున్నారా లేదా అని రెండు గడులే ఉన్నాయి. దీంట్లో ఊగులాట లేదు" అంది తస్లీమా.

ఇక లాభం లేదనుకుని సుంకులమ్మే పార పట్టింది. అరచెయ్యి లోతు గుంట తీసి నన్ను నిలబెట్టింది. ఎర్రమట్టి, పొట్టు, పేడ కలిపి మెడదాకా మందంగా మెత్తింది. కట్టెలు పెట్టే నోరు, గాలి పోయే దారి వదిలి, పైన కుండ కూర్చోవడానికి మూడు మట్టి గుబ్బలు పెట్టింది. నా నంబరు కూడా మట్టిలో కలిసిపోయింది. చదువుకున్నవాణ్ణి బురదలో పాతేశారని మొదట రోషం వచ్చింది. కానీ మట్టి ఆరాక ఆమె సంగటి గెలికితే నేను అంగుళం కదల్లేదు! పొగ పావు వంతే వచ్చింది. చలికాలం వచ్చేసరికి ఆమె గోడ పట్టుకోవడం మానేసింది. సంతోషంతో నా కడుపు నిండిపోయింది, ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడొచ్చాడు గిరిధర్ అనే ఆఫీసరు, పట్నం నుంచి తనిఖీకి. డెబ్భై తొమ్మిది ఇళ్లలో మసి, బూడిద చూసి, ఫొటోలు తీసుకుని, వాడుతున్నారని రాసుకున్నాడు. చివరికి మా ఇంటికొచ్చాడు. నేను మండుతున్నాను.

"నంబరేదమ్మా?"

"మట్టిలో ఉంది సారూ."

"పొయ్యి రూపం మార్చకూడదు. రూల్ ప్రకారం ఇది వాడకంలో లేనట్టే లెక్క."

"వాడకంలో లేకుంటే ఈ సంగటి యాన్నుంచి వచ్చె సారూ? కూచోండి, తినిపోదురు."

కూర్చున్నాడు. చెనిక్కాయల పచ్చడితో రెండు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తడి తుడుచుకుని, వాడకంలో లేదని రాశాడు. వెనక్కి తెమ్మని తస్లీమాకు ఆర్డరు వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు తస్లీమా ఆటోలో వచ్చింది. గడ్డపార పట్టుకుని తల దించుకుని నిలబడింది. "నన్ను తిట్టుకోవద్దవ్వా."

"నిన్నెందుకు తిట్టుకుంటా పాపా? మట్టి పగలకుండా మెల్లగ తియ్యి. రేకు మీది. మట్టి నాది."

గడ్డపార పక్కన పెట్టి ఇద్దరూ నన్ను అటూ ఇటూ కదిపి పైకి లాగారు. ఇన్ని నెలల మంటకు మట్టి ఇటుకలా కాలి గట్టిపడింది. నేను బయటికొచ్చినా నా ఆకారం లోపలే ఉండిపోయింది. నేను ఆటోలో కూర్చునేసరికి సుంకులమ్మ ఆ గుల్లలో రెండు పుల్లలు పెట్టి, గుబ్బల మీద కుండ ఎక్కించేసింది. సన్నగా పొగ లేచింది. దగ్గు వినిపిస్తుందేమోనని సందు తిరిగేదాకా వింటూనే ఉన్నాను. వినిపించలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో మా కంపెనీ ఆఫీసు గుమ్మం దగ్గర గాజుపెట్టెలో ఉన్నాను. కొత్త రంగు వేశారు. చుట్టూ ఏసీ. కింద చీటీ మీద 'డెబ్భై తొమ్మిది కుటుంబాల్లో వెలుగు' అని రాసి ఉంది. విమానాల కంపెనీవాళ్లు వచ్చి నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

మొన్న మీటింగుకని తస్లీమా వచ్చింది. ఎవరూ లేనప్పుడు గాజు దగ్గరికి వంగి, "అవ్వ బాగుంది. మాత్రలు మానేసింది" అని చెప్పి వెళ్లింది.

ఆ మట్టి పొయ్యికి నంబరు లేదు. అది మానిపించిన పొగను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. ఆ ఊళ్లో నిజంగా తగ్గింది ఆ పొగ ఒక్కటే.