మౌస్ కింద గడియారం

నీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటరుగా చేసే ఆయన, మధ్యాహ్నపు ఎండలో వడపోత తొట్లు చూసుకుని కంట్రోల్ రూములోకి వచ్చేసరికి కుర్చీలో ఎవరూ లేరు. స్క్రీన్ మీద మౌస్ బాణం మాత్రం కదులుతోంది.

అందులో వింతేమీ లేదు. ప్రభుత్వం కొత్త భద్రతా నిబంధనలు తెచ్చిన దగ్గర్నుంచి, కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు దానంతటదే తాళం వేసుకుంటోంది. మళ్లీ తెరవాలంటే బారెడు పాస్‌వర్డు. ఆయన కింద పనిచేసే బావమరిది దానికో విరుగుడు కనిపెట్టాడు. చేతి గడియారం విప్పి, దాని ముఖం మీద మౌస్ పెట్టడం. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే పైన బాణం సన్నగా వణుకుతుంది. ఎవరో పని చేస్తున్నారనుకుని కంప్యూటరు మేలుకునే ఉంటుంది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంటి మనిషి. పైగా ఆ పాస్‌వర్డు ఆయనకూ గుర్తుండి చావదు.

కానీ ఇప్పుడు బాణం వణకడం లేదు, నడుస్తోంది. స్క్రీన్ అంచు నుంచి తిన్నగా క్లోరిన్ మోతాదు మార్చే గడి దాకా వెళ్లి, అక్కడ ఆగింది.

నిజంగా వెళ్లిందా? మండే ఎండలోంచి మసక గదిలోకి వచ్చిన కళ్లు. ఆయన మౌస్ ఎత్తి చూశాడు. గడియారం ఆగిపోయి ఉంది.

ముల్లు తిరగకపోతే బాణాన్ని నడిపింది ఎవరు? బయటివాళ్లెవరైనా లోపలికి చొరబడ్డారా? లేక తన కళ్లేనా? ఇంటికి తాళం వేశాక సందు చివరి దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసే మనిషి ఆయన. "మీరు నమ్మనిది తాళాన్నా, మిమ్మల్నా?" అని భార్య నవ్వుతుంది. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటి బావా, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?"

"బాణం దానంతటదే నడిచిందిరా. చూస్తే నీ వాచీ ఆగిపోయుంది."

"ఓస్, అంతేనా! దానికి అలకలెక్కువ." గడియారాన్ని అరచేతిలో రెండు తట్లు తట్టాడు. ముల్లు కదిలింది. "చూశావా? నువ్వు మౌస్ ఎత్తిన కుదుపుకి ఆగుంటుంది. ఇంతకీ మోతాదు మారిందా?"

"మారలేదు."

"మరింకేం!"

అనుమానం వస్తే చాలు, కంప్యూటరుకొచ్చే బయటి ఇంటర్నెట్ లైను పీకేసి భద్రతా విభాగానికి ఫోన్ చేయాలన్నది నిబంధన. చేస్తే గడియారం సంగతి బయటపడుతుంది. తాళాన్ని ఏమార్చినవాడికి ఉద్యోగం ఉండదు. చేయకపోతే ఊరంతా తాగే నీళ్లకే ముప్పు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇందులో తాను కప్పో పామో కూడా ఆయనకు తోచలేదు.

ఫోన్ వైపు ఆయన చూపు వెళ్లడం బావమరిది గమనించాడు.

"ఏం చూశావో నీకే తెలీదు బావా. తెలీనిదానికి నా పొట్ట కొడతావా? అక్కకేం చెప్తావు?"

ఆయన బాణం వంకే చూస్తూ, ఒక్కసారి మళ్లీ కదిలితే బాగుండుననుకున్నాడు. కదిలితే తనకు పిచ్చి లేదని తేలుతుంది. అంతలోనే ఆ కోరిక ఏమిటో అర్థమైంది. తన కళ్లు నిజమని తేలడం కోసం, ఊరి నీళ్ల మీద ఎవరో చెయ్యి వేయాలని ఎదురుచూస్తున్నాడు.

వంగి, బయటి లైను పీకేశాడు. ఫోన్ తీశాడు.

"ఏం జరిగిందండీ?" అంది అవతల ఒక ఆడగొంతు.

"బాణం కదిలింది. కదిలిందనే అనుకుంటున్నాను."

"మౌస్ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"పైనగానీ కిందగానీ ఏదైనా పెట్టారా?"

బావమరిది గడియారం పట్టీ బిగించుకుంటున్నాడు. కొక్కెం పడటం లేదు.

"గడియారం ఉంది," అన్నాడు ఆయన. "పెట్టింది మావాడు. పెట్టనిచ్చింది నేను."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అప్పుడది నడుస్తోందా?"

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "అప్పుడది నడుస్తోందా అంటున్నార్రా," అన్నాడు.

బావమరిది గడియారాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"నేనప్పుడు బయటున్నాగా బావా," అన్నాడు చివరికి. "నాకేం తెలుసు?"

"లైన్లోనే ఉండండి," అంది ఆడగొంతు. ఇద్దరూ నిలబడి, కదలని బాణం వంక చూస్తూ ఉండిపోయారు.