కుండ అడుగున పిడికెడు

ఆ వారం గోవిందు చేయాల్సిన పనులు గోడకంటించిన కాగితం మీద ఉన్నాయి. ఫిలిం మీది అనప డీఎన్ఏ గీతలను అక్షరాలుగా రాయాలి. జర్నల్లో అచ్చయిన ఫ్రెంచి చిక్కుడు, అలసంద జీన్ల వరుసలు ఎత్తిరాసుకోవాలి. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి పోల్చాలి. అనపగింజలు అయిపోయాయని అమ్మకు జాబు రాయాలి. ఆ చివరి పని నెల నుంచీ అట్లాగే ఉంది.

వాళ్ళింట్లో బడి దాటి చదివినవాడు అతనొక్కడే. తిరుపతిలో పరిశోధన చేస్తున్నాడు. గింజలో మాంసకృత్తులు తయారు చేసే జీన్‌కు ముందు కొంత డీఎన్ఏ ఉంటుంది. ఆ పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది అదే. ఒకే కుటుంబపు మొక్కల్లో అక్కడ ఏ అక్షరాలు మారకుండా నిలిచాయో గోవిందు వెతకాలి. అందుకని ఇంటి అనపగింజలు అడిగాడు. వానలు ముఖం చాటేసినా నాలుగు కాయలిచ్చే రకం, ఊళ్ళో ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. తల్లి దేవకమ్మ శేరు గింజలు మూటగట్టి పంపింది.

డీఎన్ఏ తీయడానికి మొలకల ఆకులు నూరిన రెండుసార్లూ కరెంటు పోయి సరుకు పాడైంది. మూడోసారి మిగిలినవన్నీ మొలకేశాడు. ఎవరికి ఎంత ఇచ్చినా కుండ అడుగున పిడికెడు విత్తనం ఉంచడం ఆ ఇంటి కట్టుబాటు. అతని ధైర్యం అదే.

తొలకరి పడగానే దేవకమ్మ బస్సెక్కి వచ్చింది. వేరుశెనగ చేనులో అనప సాళ్ళు వేయాలని, నాయన మడక కట్టుకుని కూర్చున్నాడని చెప్పి గింజలకు కొంగు పట్టింది.

"కుండలో పిడికెడు ఉంచలేదా మా?"

"నీకిస్తే యాడికి పోతాదిలే అని ఊడ్చి ఇచ్చినాను రా. ఇంత పెద్ద కాలేజీలో గింజ దాచేదానికి జాగా లేదా?"

అతను అక్షరాల కాగితం చూపించాడు. మూడు వరుసల్లోనూ ఒక ముక్క చెక్కుచెదరలేదని, అది ఎన్ని యుగాల నాటిదో అని చెప్పబోయాడు. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీన్ని నాటితే మొలుస్తాదా, నాయనా?"



అంగట్లో కొన్న విత్తనం వేశారు. వాన మళ్ళీ రాలేదు, పూత పట్టకముందే తీగలు ఎండిపోయాయి. మరుసటి వేసవిలో కరువు పనికి పోయి, రాళ్ళు మోస్తూ పడిపోయిన దేవకమ్మ మళ్ళీ లేవలేదు.

థీసిస్‌లో గింజలు ఎక్కడివన్న చోట స్థానిక రకం అని మాత్రం రాస్తే చాలన్నారు గైడు. గోవిందు అట్లాగే రాశాడు.

ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికొస్తే, పట్టికలో మూడోదైన అనప వరుస దగ్గర కాస్త ఆగండి. దేవకమ్మ కుండ అడుగున ఉండాల్సిన పిడికెడు అదే. ఆమెను గుర్తుంచుకోండి.