పబ్బులో పెద్దాయన

నగరం నడిబొడ్డున, కోర్టుకీ రైల్వే స్టేషనుకీ మధ్య వీధిలో ఉంది ఆ పబ్బు. నడిపేది తమ్ముడు. కానీ ఆ పబ్బు మాట ఎత్తగానే జనానికి గుర్తొచ్చేది బల్లల మధ్య తిరిగే అన్న. కుర్రతనంలో అక్కడే ట్రే పట్టుకున్నవాడు, తమ్ముడు ఆ పబ్బునే కొన్న తర్వాత కూడా ట్రే వదల్లేదు. "కౌంటరు వెనక కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయిరా" అనేవాడు. కస్టమర్లందరికీ ఆయన పెద్దాయన.

పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడు బడికెళ్లే పిల్లవాడు. వాణ్ని పెంచడంలోనే ఆయన వయసు కరిగిపోయింది. మందు చుక్క ముట్టేవాడు కాదు. ఎవరైనా ఆటపట్టిస్తే, "మేస్త్రీ కట్టిన ప్రతి ఇంట్లోనూ కాపురం ఉంటాడా బాబూ?" అని నవ్వేసేవాడు.

పొద్దున తలుపులు తీయకముందు తమ్ముడు గ్లాసులు తుడుస్తుంటే, అతని భార్య కస్టమర్లు రాసిన అభిప్రాయాలు ఫోనులో చూసి పైకి చదివేది. బీరు చల్లగా లేదని ఒకరు, పాటల మోత ఎక్కువైందని ఒకరు. ఎక్కువమంది మాత్రం పెద్దాయన గురించే రాసేవారు. 'ఉద్యోగం పోయిన రోజు ఒక్కదాన్నే వచ్చి కూర్చున్నాను. పెద్దాయన ఏమీ అడగలేదు. పక్క బల్లనే తుడుస్తూ చాలాసేపు నాకు తోడుగా ఉన్నాడు' అని ఒకామె రాసింది. అది విని ఆయన, "ఆ బల్ల మీద ఫ్యాను బాగా తిరుగుతుందమ్మా, అందుకు" అన్నాడు.

ఒక పొద్దున ఆమె చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఏమైంది? చదువు."

"మీరే చూడండి."

ఒక్క స్టారు ఇచ్చారు. 'ముసలి వెయిటరు తాగి పనిచేస్తున్నాడు. మాట ముద్దముద్దగా ఉంది. చేతులు వణుకుతున్నాయి. మా అమ్మ ఒళ్లో గ్లాసు ఒలకబోశాడు. ఓనరుకి అన్నట, అందుకే అడిగే దిక్కు లేదు.' దాని కింద ఇంకెవరో 'మేమూ చూశాం' అని రాశారు.

ఈమధ్య అన్న చేతిలోంచి గ్లాసులు జారడం తమ్ముడూ గమనించాడు. అలసట అనుకున్నాడు.

"బావగారిని ఒకసారి డాక్టరుకి చూపిద్దామండీ" అంది భార్య.

"ముందు సంగతేంటో తెలియనీ" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక అన్న కిటికీ పక్క బల్ల తుడుస్తున్నాడు. తమ్ముడు దగ్గరికెళ్లి, "కాలరు మడత పడింది అన్నయ్యా" అంటూ వంగాడు. సర్దుతున్నట్టు సర్దుతూ మెల్లగా గాలి పీల్చాడు.

అన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, నోరు తెరిచి అతని ముఖం మీదకి ఊపిరి వదిలాడు.

"సరిగ్గా చూసుకో. ఇంకా దగ్గరికి రా."

"అది కాదన్నయ్యా... కస్టమర్లు ఏదో రాశారు..."

"వాళ్లకి నేనెవర్నో తెలియదురా. ఏమైనా రాస్తారు." మాట నిజంగానే ముద్దముద్దగా వచ్చింది. "నీకు జ్వరమొస్తే నుదురు పట్టి చూసేవాణ్ని. నువ్వు నా నోరు వాసన చూశావు."

ఆ సాయంత్రం ఎప్పటిలాగే అందరినీ పలకరించాడు. పని అయ్యాక ఏప్రను మడిచి కౌంటరు మీద పెట్టాడు. పబ్బు పైనున్న తన గది ఖాళీ చేసి, లాండ్రీ షాపు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. తమ్ముడు వెళితే తలుపు తీసేవాడు, కుర్చీ వేసేవాడు, ఎలా ఉన్నావనేవాడు. ఆపైన మాట ఉండేది కాదు. పరాయివాడికి చేసినంత మర్యాద చేసేవాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మరదలే. పరీక్షలన్నీ అయ్యాక ఆమె నేరుగా పబ్బుకి వచ్చింది. జనం నిండుగా ఉన్నారు. కౌంటరు పక్కకి పిలిచి చెప్పింది.

"నరాల జబ్బటండీ. ముందు చేతులు, మాట. తర్వాత ఒక్కొక్కటీ... మందు లేదట."

"బీరు ఏమైంది?" అని బల్ల దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. తమ్ముడు వినిపించుకోలేదు. కుళాయి కింద గ్లాసు నిండి, నురగ అతని చేతి మీదుగా కారుతూనే ఉంది.

ఆ రోజే ఆ ఒక్క స్టారు కింద తమ్ముడు జవాబు రాశాడు. 'ఆయన తాగరు. ఆయనకి జబ్బు చేసింది. ఆయన నన్ను పెంచారు.' రాసినావిడ తన మాట తీసేసింది, క్షమించమంది. ఆ తర్వాత వందలమంది రాశారు. పెద్దాయన ఏరి, పెద్దాయన లేని పబ్బు పబ్బే కాదు, మళ్లీ ఎప్పుడొస్తారు అని. తమ్ముడు ఫోను పట్టుకుని అన్న గదికి పరుగెత్తాడు. మంచం పక్కన కూర్చుని అన్నీ చదివి వినిపించాడు.

అన్న ఓపిగ్గా విన్నాడు. మాట కూడబలుక్కుని, "తిట్టినప్పుడూ... వాళ్ల మాట నాకు తగల్లేదురా" అన్నాడు.

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఒంటరిగా ఉండలేని స్థితి వచ్చాక ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నారు. తమ్ముడే గడ్డం గీసేవాడు, స్నానం చేయించేవాడు, గంజి తాగించేవాడు. అన్న కాదనలేదు. కాదనడానికి మాట ఎక్కడుంది? వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, దుప్పటి సర్దుతూ తమ్ముడు ఉండబట్టలేక అడిగేశాడు.

"నా మీద కోపం పోయిందా అన్నయ్యా?"

అన్న పెదాలు కదిలాయి. చాలాసేపు అవస్థపడ్డాడు.

"పో..."

అక్కడ ఊపిరి చాలలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ "పో..." అనే వచ్చింది. పోయింది అన్నాడో, పొమ్మన్నాడో తమ్ముడికి తెలియలేదు. కళ్లలోకి చూశాడు. అన్న అప్పటికే అలసి రెప్పలు వాల్చేశాడు.

గుమ్మంలో భార్య గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"విన్నావా? ఏమన్నాడు?"

"పోయిందనే అన్నారండీ" అంది ఆమె, కిటికీలోంచి వాన వైపు చూస్తూ.