తెల్లగీత మీద నిలబడండి

మా ఊరి పసిపిల్లల బడిలో ప్రతి నెలా మొదటి బుధవారం పొద్దున, పాలు తాగడం అయ్యాక, భూకంపం వచ్చేది. పెద్ద టీచరమ్మ షిజునో మూకుడు మీద గరిటెతో టంగుటంగుమని మోగించేది. పిల్లలు గబుక్కున బల్లల కింద దూరేవాళ్ళు. రెండోసారి మోగిస్తే బయటికొచ్చి, కుర్చీలకి తగిలించిన దూది టోపీలు నెత్తిన పెట్టుకుని, పొడుగాటి తాడు పట్టుకుని వరుసగా పెరట్లోకి నడిచేవాళ్ళు. ఇంకా నడక రాని ఆరుగుర్నీ చక్రాల తోపుడుబండిలో కూర్చోబెట్టి తొమోయె టీచర్ తోసుకొచ్చేది. "తొయ్యకు, పరిగెత్తకు, మాట్లాడకు, వెనక్కి తిరగకు" అని దారి పొడుగునా పాడాలి. మాట్లాడకు అని గొంతు చించుకుని అరుస్తూ నడిచేది ప్రపంచంలో మా పిల్లలే అయ్యుంటారు.

పెరట్లో రాయి ఉండేది. మనిషి ఎత్తు నల్లరాయి. ముత్తాతల కాలంలో సముద్రం ఊరిని ఊడ్చుకుపోతే, మిగిలిన నలుగురూ దాన్ని చెక్కించి కొండమీద, ఇప్పుడు నీళ్ళట్యాంకు ఉన్నచోట, నిలబెట్టారు. "భూమి కదిలితే నా దగ్గరికి రా" అని దానిమీద రాసుంటుంది. ఆ నలుగురూ పోయాక రాయి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఏటా మంచు కరిగే రోజుల్లో, ఎవరూ చూడనప్పుడు, కొంచెం కొంచెం. మా తాత చిన్నప్పుడు దేవదారు తోపులో ఉండేదట. మా నాన్న పెళ్ళినాటికి ఒనొదెర వాళ్ళ ఉల్లిమడిలోకి వచ్చింది. ఒనొదెర కిమ్మనకుండా మడి పక్కకి జరుపుకున్నాడు. తర్వాత అది బడి పెరట్లోకి వచ్చింది. రాయి నడుస్తుంది, పిల్లి ఈనుతుంది, ఇందులో చెప్పుకోడానికేముంది?

రాయి దిగుతోందంటే సముద్రం మెత్తబడిందన్నమాటేనని మా పెద్దల తీర్పు. మా పెద్దలు తీర్పులు చెప్పడంలో మహా ఘనులు.

ఆపదొస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎవరి చేతికి అప్పగించాలి అన్నది ప్రతి బడీ ముందే రాసుకుని ఉంచాలని సర్కారు రూలు. మా బడి రాసుకున్నది రెండే ముక్కలు. పిల్లలు రాయి దగ్గరికి వెళ్ళాలి. పెద్దవాళ్ళు రాయి దగ్గరికే వచ్చి తీసుకెళ్ళాలి. షిజునో కొత్తగా చేరిన రోజుల్లో ఆ రాయిని అందుకోవడానికి సగం కొండ ఎక్కాల్సి వచ్చేదట, పిల్లలు ఏడుస్తూ, టీచర్లు రొప్పుతూ. ఇప్పుడు గడప దాటితే రాయి. చెప్పులకి మట్టి కూడా అంటదు. తల్లులకి మహా సంతోషం.

సంతోషం లేనిది తొమోయెకి ఒక్కదానికే. ఆమెది లోపల కొండల్లో ఊరు, మా తకురోని చేసుకుని వచ్చింది. సముద్రమంటే భయం, మా ధీమా చూస్తే అంతకంటే భయం.

"రాయి అని కాకుండా చోటు పేరు రాద్దాం పెద్ద టీచరమ్మా. నీళ్ళట్యాంకు దగ్గర అని రాద్దాం" అంది ఒకరోజు, బట్టలారేస్తూ.

"పాకే పిల్లల్ని ట్యాంకు దాకా ఎక్కిస్తావా? నీ బండి చక్రం ఊడితే ఎత్తుకుని ఎక్కుతావా, ఆరుగుర్నీ?"

"ఎక్కుతా."

"ఎక్కుతావులే. మూడు తరాలుగా మా ఊళ్ళో అందరం రాయి మాట విన్నాం. నిన్నగాక మొన్నొచ్చి రాయికే బుద్ధులు చెప్తావా అమ్మాయ్?"

"రాయికి కాదండీ, మనకే చెప్తున్నా. అది ఎక్కడుంటే అక్కడే ఆపద లేదనుకుంటే ఎలా? రేపు ఓడరేవులో దిగి కూర్చుంటే?"

"అప్పుడు పిల్లలకి ఈత నేర్పుదాం" అని షిజునో నవ్వేసింది. చెడ్డది కాదు షిజునో. ఊళ్ళో సగంమందికి ముక్కు తుడిచిన చెయ్యి ఆమెది. కానీ ఒకసారి రాసినదాన్ని మార్చమంటే మాత్రం కొండని జరపమన్నట్టే.

ఆ శీతాకాలం చివర్లో, మంచు కరగడం మొదలవగానే, ఒక తంటా వచ్చింది. బుధవారం ముందురోజు రాయి పెరటి ఈ మూలనుంచి ఆ మూలకి జరిగింది. పిల్లల్ని అందుకోడానికి వచ్చిన పెద్దవాళ్ళు పాత గుంట దగ్గర కొందరు, కొత్త చోట కొందరు, మధ్యలో కొందరు నిలబడ్డారు. ఎవరు ముందొచ్చారో తేలలేదు. మావాళ్ళు పైకి తిట్టుకోరు కదా, "ముందు మీరు", "అబ్బే, ముందు మీరు" అని వంగి వంగి దణ్ణాలు పెట్టుకుంటూ లోలోపల ఉడికిపోయారు. ఒక బామ్మ తన మనవణ్ణి కాక పక్కింటి పిల్లాణ్ణి చంకనేసుకుని మలుపు దాకా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే తొమోయె తెల్లరంగు డబ్బా కొనుక్కొచ్చింది. చోటు పేరు ఎలాగూ రాయనివ్వరు, కనీసం పెద్దవాళ్ళు నిలబడే చోటైనా ఖాయం చేద్దామని ఆమె ఆలోచన. రాయి ఎటు జరిగినా సరే, తల్లిదండ్రులు మాత్రం ఈ గీత మీదే వరుసగా నిలబడాలి. టీచర్లే పిల్లల్ని గీత దగ్గరికి తీసుకొస్తారు. వరుసలో ముందున్నవాళ్ళని "ఎవరి కోసం వచ్చారు?" అని అడుగుతారు. వాళ్ళు చెప్పాక పిల్ల పేరు పిలుస్తారు. పేరు వినబడేదాకా పిల్ల కదలకూడదు. పిలవగానే ఆ పిల్ల పోతుంది, వెనకాలది ఒకడుగు ముందుకొస్తుంది. దీనికి షిజునో కూడా అడ్డు చెప్పలేదు.

గీత గియ్యడానికి తకురోనే సాయమొచ్చాడు. రేవు పక్కన సముద్రపు నాచు ఉడకబెట్టే షెడ్డులో అతని పని. రబ్బరు ఏప్రనైనా విప్పకుండా వచ్చి, దారం ఆ కొస పట్టుకుని కూర్చున్నాడు.

"ఊరంతటితో గొడవ అయ్యింది, ఇప్పుడు రాయితో కూడా పెట్టుకున్నావా?" అన్నాడు.

"నవ్వు. ఒకరోజు నిజంగా వస్తే తెలుస్తుంది."

"వస్తే ఏముంది, షెడ్డునుంచి ఒక్క పరుగు. ఈ గీత మీద మొదట నిలబడేది నేనే. ఫుతాబ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టు, అక్కణ్ణుంచి దాని సంగతి నాది. నీ ఆరుగురు బుడ్డోళ్ళ సంగతి నువ్వు చూసుకో."

"గీత వదిలి ఎక్కడికీ కదలవుగా?"

"కదిలితే బతకనిస్తావా?"

ఫుతాబ వాళ్ళ కూతురు, ఐదేళ్ళది. అదే బడిలో చదువు, కాబట్టి బడి గేటు దాటాక తల్లిని టీచర్ అని పిలవాలి. ఆ రూలు కూడా తొమోయె పెట్టిందే. పాపం ఆ పిల్ల ఒక్కసారి కూడా తప్పేది కాదు.

నిజమైనది బుధవారం రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు నిద్రలేచి పక్కలు మడుస్తుంటే వచ్చింది. ఎంతసేపటికీ ఆగలేదు. పింగాణీ గిన్నెలన్నీ పడి పగిలాయి, పియానో గది మధ్యకి నడిచొచ్చింది. షిజునో మూకుడు కోసం వెతకలేదు. "టోపీలు!" అని ఒక్క అరుపు అరిచింది. అన్నిసార్లు ఆడిన ఆట ఊరికే పోలేదు. పిల్లలు టోపీలు పెట్టుకుని, తాడు పట్టుకుని, పెరట్లోకొచ్చి, ఎప్పటిలాగే రాయికి ఒక్కొక్కరే అరచెయ్యి ఆనించి పేరు చెప్పారు. ఒక్కరు కూడా తక్కువ లేరు. షిజునోకి ఏడుపొచ్చింది. "అందరూ ఉన్నారు, అందరూ ఉన్నారు" అని టీచర్లకే మళ్ళీ మళ్ళీ చెప్పింది.

అప్పుడు రాయి కదిలింది. అది నడవగా మా ఊళ్ళో ఎవరైనా చూడటం అదే మొదలు. మట్టి చీల్చుకుంటూ కంచె విరుచుకుని, ఉల్లిమడి మీదుగా పైకి, దేవదారు తోపు వైపు బయల్దేరింది. మూడేళ్ళ పిల్ల ఎంత వేగంగా నడుస్తుందో అంతే వేగం. ఒక బుడతడు జారిపడితే ఆగింది, వాడు లేచాక మళ్ళీ కదిలింది.

షిజునో ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత తాడు ముందుకొస పట్టుకుంది. "రాయి దగ్గరికి వెళ్ళాలని కదా రాసుకున్నాం. పదండి" అంది.

"పెద్ద టీచరమ్మా, పెద్దవాళ్ళు గీత దగ్గరికొస్తారు! ఎవరో ఒకరు ఉండాలి, చెప్పాలి!" అని తొమోయె అరిచింది.

"ఎవరుంటారు? చెప్పు, ఎవరుంటారు?"

ముగ్గురు టీచర్లు. తాడు ముందు షిజునో, మధ్యలో ఇద్దరు కవలల్ని చెరో చంకనేసుకున్న చిన్న టీచరు, చివర తోపుడుబండితో తొమోయె. సైరన్ మొదలైంది. తొమోయె బండి పిడి వదిలి వెనక్కి ఒక్క అడుగు వేసింది. బండి కూడా ఆమెతోపాటే వెనక్కి దొర్లింది, లోపల ఆరుగురూ ఒకరిమీద ఒకరు పడి గొల్లుమన్నారు. ఆమె బండికి అడ్డంగా నడుం పెట్టి ఆపింది. మళ్ళీ పిడి పట్టుకుంది. ఇంక వదల్లేదు. ఏడుస్తూనే తోసింది. ముందున్న పిల్లలు పాట పాడుతున్నారు, వెనక్కి తిరగకు, వెనక్కి తిరగకు అని. ఆ పాట నేర్పినందుకు తనని తాను తిట్టుకుంది.

ట్యాంకు దగ్గర, మొదట ఎక్కడుండేదో అక్కడే, రాయి ఆగింది. చెట్లు లేని చోటది. కింద బడి కప్పు, దాని వెనక పెరడు, పెరట్లో తెల్లగీత, అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనబడతాయి.

గీత మీద జనం ఉన్నారు. షాపులనుంచి, షెడ్లనుంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళు. ఒకరి వెనక ఒకరు, చక్కగా వరుసలో. ఒక ముసలాయన వస్తే ముందున్నామె వంగి దణ్ణం పెట్టి చోటిచ్చింది. ఇక్కడే ఉండమన్నారు, పిల్లల్ని తెచ్చి అప్పగిస్తామన్నారు, కాబట్టి ఉన్నారు. అందరికంటే ముందు పసుపుపచ్చ రబ్బరు ఏప్రను.

తొమోయె షిజునో మెళ్ళో వేలాడుతున్న చేతిమైకు లాక్కుని అరిచింది. "పైకి రా! తకురో, పైకి రా!" గాలి ఎదురుగా కొడుతోంది, సైరన్ ఊరంతా నిండిపోయింది. అతను రాయి లేచిపోయిన గుంట వైపు చూశాడు. గుంటలోంచి పైకి పోయిన చాలు వైపు చూశాడు. గీత దాటి రెండడుగులు వేశాడు కూడా. రా, రా, రా అని తొమోయె ఇక్కడ నేలకేసి కాళ్ళు కొడుతోంది. అతను ఆగాడు. తను అటు పోగానే పిల్లని ఇటు తెస్తే ఎలా అనుకున్నాడో, గీత వదలనని ఇచ్చిన మాటే గుర్తొచ్చిందో. వెనక్కొచ్చి వరుసలో తన చోట్లో నిలబడ్డాడు.

తర్వాత వచ్చినదాన్ని గురించి నేను చెప్పను. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా లాభం లేదు. షిజునో మాత్రం పిల్లలందరినీ సముద్రానికి వీపు పెట్టి, రాయి వైపు మొహం పెట్టి కూర్చోబెట్టింది. గొంతు పోయేదాకా పాటలు పాడించింది. ఒక్క పిల్ల కూడా చూడలేదు. అంతవరకూ ఆవిణ్ణి చేతులెత్తి మొక్కొచ్చు.

మంచు పడటం మొదలైంది. చీకటి పడేముందు కొండవెనక పైరోడ్డు మీద ఒక రొట్టెల వ్యాను వచ్చి ఆగింది. కనయె దిగింది. ఊరూరా షాపులకి రొట్టెలు వేస్తుంది, కొడుకు రిత్సు కోసం రోజూ అందరికంటే ఆలస్యంగా వచ్చేది ఆమే. గేటు దగ్గర తొమోయె చేత ఆమె తినని చీవాట్లు లేవు. ఇవాళ కూడా పక్కూళ్ళో ఇరుక్కుపోయి, ఇప్పటికి చేరింది.

వచ్చేవాళ్ళు కనబడగానే పిల్లలు తమంతట తామే లేచి వరుస కట్టారు. నేర్పినట్టే కట్టారు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ పరిగెత్తలేదు. కనయె వాళ్ళ ముందుకొచ్చి, అలవాటు కొద్దీ నడుం వంచింది.

"ఆలస్యమైంది. క్షమించండి, మళ్ళీ ఆలస్యమైంది."

తొమోయెకి ఆమెని కొట్టాలనిపించింది. ఏనాడూ టైముకి రాని ఈ మనిషి బతికుంది. ఒక్కనాడూ ఆలస్యం ఎరగని మనిషి, తను గీసిన గీత మీద, తను చెప్పినట్టే నిలబడి... ఆ కోపం అన్యాయమని తెలుసు. తెలిసినా పోలేదు.

"ఎవరి కోసం వచ్చారు?" అని అడిగింది. అడగాలి కాబట్టి అడిగింది.

"రిత్సు కోసం."

ఇప్పుడు పేరు పిలవాలి. ఆమె వెనక దూది టోపీలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఒక్క పేరు పిలిస్తే మిగతావాళ్ళందరూ తమ పేరు కోసం చెవులు రిక్కిస్తారు. ఎవరెవరి పేరు ఇంక ఎవరూ చెప్పరో తొమోయెకి పైనుంచి చూసినప్పుడే తెలిసింది. కనయె చేతులు చాచుకుని నిలబడే ఉంది. రిత్సు రెండు చేతులతోనూ తాడు పట్టుకుని, అమ్మని కళ్ళారా చూస్తూ, పేరు పిలవలేదు కాబట్టి కదలకుండా వణుకుతున్నాడు.

"రిత్సూ! మీ అమ్మొచ్చింది, పో!" అని వాడి వెనకనుంచి ఫుతాబ అరిచింది, అచ్చం టీచర్ గొంతుతో.

వాడు పరిగెత్తాడు. కనయె వాణ్ణి మంచులోనే కూలబడి వాటేసుకుంది.

వరుసలో ముందు చోటు ఖాళీ అయింది. ఫుతాబ ఒకడుగు ముందుకొచ్చి అందులో నిలబడింది. టోపీ సర్దుకుంది, ముక్కు తుడుచుకుంది, కిందనుంచి వచ్చే దారి వైపు చూసింది.

"టీచర్, ఇప్పుడు నా వంతు" అంది.