కాలర్ అట్ట

అన్యాయం జరిగింది ఎవరికి? దర్జీ మాస్టరు చెల్లెలికి. ఎలా జరిగింది? ఆమె కాలేజీకి పంపవలసిన దరఖాస్తును మాస్టరు చొక్కా కాలరు ఆకారంలో కత్తిరించి, అట్టకు అంటించి, గోడ మేకుకు తగిలించాడు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆ వీధిలోని మగవాళ్లందరి కాలర్లకూ ఆ దరఖాస్తే నమూనా. ఇంత ఘనకార్యం తన చేతి మీదుగానే జరిగిందని మాస్టరుకు తెలియదు. పైగా, "మా చెల్లి ఫారం పారేసుకుంది, దానికి మొదట్నించీ పరధ్యానమే" అని ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ చెప్పి నవ్వేవాడు.

చెల్లెలికి మాత్రం తెలుసు. ఆ ఏడాదే ఒకనాడు, దిండులో కూరడానికి గుడ్డపీలికల సంచీ బోర్లించినప్పుడు, తన చేతిరాతతో తన పేరున్న కాగితం ముక్క ఒకటి రాలింది. దాన్ని చూసింది, మేకు వంక చూసింది, ముక్కను రేకుపెట్టెలో దాచింది. అప్పుడే నిలదీసి ఉంటే అన్నయ్య రెండు రిబ్బన్లు కొనిపెట్టి చేతులు దులుపుకునేవాడు. అది రిబ్బన్లతో తీరే బాకీ కాదు. అందుకని నోరు మెదపకుండా, కాజాలు కుట్టుకుంటూ, సమయం కోసం కాచుకుంది. ఇన్నేళ్లలో ఆమె కుట్టిన కాజా ఒక్కటైనా వంకర పోలేదు. పరధ్యానమన్న పేరు మాత్రం పోలేదు.

ఆ సమయం ఒక గురువారం మధ్యాహ్నం వచ్చింది.

మాస్టరు కూతురు కటింగు బల్ల మీద అయిదు దరఖాస్తులు పరిచి కూర్చుంది. ఒకచోట కుదురుగా నిలవదని ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అనేవారు. కాలేజీలన్నింటి దరఖాస్తులూ తీసుకునే కౌంటరు ఒక్కటే. ఆ రోజే ఆఖరు. అయిదింటికి మూసేస్తారు. ఒకరికి ఒకే దరఖాస్తు. దాని మీద తండ్రి సంతకం ఉండాలి.

నాలుగు దరఖాస్తుల్లో "చదవదలచిన విషయం" అన్న గడి నిండే ఉంది. వైద్యం తల్లి కోరిక. ఇంజినీరింగు తండ్రి పట్టుదల. లెక్కలు వాళ్లిద్దరి మధ్య కుదిరిన రాజీ. న్యాయశాస్త్రం లాయరుగారి సలహా. ఆ లాయరుగారు కోటు సరిచూసుకోవడానికి వచ్చి, ఒంటినిండా గుండుసూదులతో, ఒక చెయ్యి పైకెత్తి అద్దం ముందు నిలబడి ఉన్నారు. అయిదో దానిలో ఆ గడి ఖాళీ.

"ఇదే పంపుతా నాన్నా," అంది పిచ్చుక. "ఇక్కడ మొదటి ఏడాది నాలుగు రకాలు చదవొచ్చు. ఏది కావాలో రెండో ఏడాది చెప్తే చాలట."

"ఏం చదువుతావో తెలీకుండా కాలేజీకెళ్లడమేంటే? చొక్కానో ప్యాంటో చెప్పకుండా గుడ్డ తెచ్చి బల్ల మీద పడేస్తే నేనేం కుట్టి చావాలి?"

"తెలీనప్పుడు తెలీదని చెప్పడం తప్పా?"

"తప్పే! నీ వయసుకి నేను కోటు కోసేశా."

"ఆ కోటు తొడుక్కున్నాయన మళ్లీ మన కొట్టు గడప తొక్కలేదు," అంది మిషను మీద నుంచి మాస్టరు భార్య, తల ఎత్తకుండానే.

"నన్నడిగితే..." అని లాయరుగారు అందుకోబోయారు.

"మీరు కదలకండి, గుచ్చుకుంటాయి," అని మాస్టరు ఆయన నోరు కూడా కట్టేసి, అయిదో దరఖాస్తును చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు చొప్పున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు. "గడి నింపని ఫారం చిత్తుకాగితంతో సమానం. కాగితం మాత్రం మందంగా, బ్రహ్మాండంగా ఉంది. చొక్కా చేతిపట్టీల నమూనాకి పనికొస్తుంది," అంటూ రెండో చేత్తో కత్తెర అందుకున్నాడు.

మూల కూర్చుని కాజాలు కుడుతున్న మాస్టరు చెల్లెలు, అంటే పిచ్చుక అత్త, సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"అన్నయ్యా, కత్తెర కింద పెట్టు."

ఆ గొంతు విని లాయరుగారు కూడా ఎత్తిన చెయ్యి దించేసి, సూది గుచ్చుకుని, మళ్లీ ఎత్తారు.

ఆమె లేచి, మేకు మీది కాలరు అట్ట తీసి, తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆవిరికి పాత జిగురు వదిలింది. కాగితాన్ని ఒలిచి, రాత పైకి వచ్చేలా తిప్పి బల్ల మీద పెట్టింది. రేకుపెట్టెలోని ముక్క తెచ్చి దాని పక్కన చేర్చింది. అతుకు అతికినట్టు కుదిరింది. కాలరు నట్టనడుమ, సరిగ్గా మెడ వెనక భాగం వచ్చే చోట, "చదవదలచిన విషయం" గడి ఖాళీగా కనబడింది.

"చదువు," అంది.

మాస్టరు చదివాడు. "ఇది... నువ్వు పారేసుకున్న..."

"నేను పారేసుకోలా. నువ్వు కోశావు."

"నేనెందుక్కోస్తానే? బల్ల మీద ఏదో ఖాళీ కాగితం ఉంటే..."

"ఖాళీ కాదు. పేరుంది, చిరునామా ఉంది, మార్కులున్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉంది. తెల్లారాక ఆలోచించి రాద్దామనుకున్నా. తెల్లారేసరికి కాలరైపోయింది."

"ఒట్టే, నేను నీ పేరు చూడలేదే. ఆ ఖాళీ గడే చూశా."

"అదే నేనూ అంటున్నా. ఇవాళా అదే చూస్తున్నావు."

"అయితే మా పెళ్లికి ఈయన వేసుకున్న చొక్కా?" అంది మాస్టరు భార్య, మిషను ఆపి.

"అదీ దీంతో కోసిందే, వదినా."

లాయరుగారికి ఉండబట్టలేదు. "ముప్పై ఒక్క ఏళ్లు ఊరుకున్నావేంటమ్మా? దావాకి గడువు ఎప్పుడో దాటిపోయింది."

"గడువులు మీ కోర్టులోనండీ. ఇంట్లో ఉండవు."

మాస్టరు ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. మెడలోని టేపును చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు? నీకూ ఓ ఫారం కొనుక్కురానా?"

"నాకు నలభై తొమ్మిదేళ్లు. నాకిప్పుడు చదువొద్దు, నీ జాలి అసలే వద్దు. నాకు రావలసినవి రెండే. గడి ఖాళీగా ఉన్న ఫారం ఒకటి నీ చేతుల మీదుగా కౌంటరు చేరాలి. నేను పారేసుకోలేదని నీ నోటితో చెప్పాలి. ఇంతకు ఒక్క దారప్పోగు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"అది కాదే, ఏం చదవాలో తెలీకుండా..."

"చంటిపిల్లల గౌన్లకి లోపల రెండంగుళాలు మడిచి వదుల్తావు. ఎందుకు?"

"పెరుగుతారు కదా. తర్వాత విప్పుకోవాలిగా."

"మరి?"

మాస్టరు సంతకానికి వంగి, చెవి మీది సుద్దముక్క తీశాడు. పిచ్చుక గబగబా పెన్ను అందించింది.

తండ్రీకూతుళ్లు బయలుదేరేసరికి నాలుగుంబావు. అయిదున్నరకు తిరిగి వచ్చారు. పిచ్చుక గుమ్మం దాటకుండానే మొదలుపెట్టింది.

"అత్తా! గడి ఖాళీగా ఉందేంటని కౌంటర్లో ఆవిడ అడిగింది. 'పోయినసారి ఇలాంటి గడి చూసే మా చెల్లెలి ఫారం కోసేశానమ్మా, అది పారేసుకోలేదు, నేనే కోశా, మీరు మాత్రం కొయ్యకండి' అని నాన్న అందరికీ వినబడేలా చెప్పాడు. చేతిలో కత్తెర కూడా ఉంది, మర్చిపోయి పట్టుకొచ్చేశాడు! ఆవిడ మారుమాట్లాడకుండా ముద్ర కొట్టేసింది."

మాస్టరు రసీదును కూతురికి ఇవ్వలేదు. నేరుగా చెల్లెలి చేతిలో పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "అది పారేసుకోలేదు. నేనే కోశా," అన్నాడు. లాయరుగారితో అన్నాడు. అప్పుడే బొత్తాం కుట్టించుకుందామని గుమ్మంలోకి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషితో కూడా అన్నాడు. ఆయన అయోమయంగా తల ఊపాడు.

"ఇక నేను చెయ్యి దించవచ్చా?" అన్నారు లాయరుగారు నీరసంగా.

"రేపు కాలర్లు దేంతో కొయ్యాలే?" అన్నాడు మాస్టరు, బోసిపోయిన మేకును చూసి.

అత్త బల్ల మీద మిగిలిన నాలుగు దరఖాస్తులూ సర్ది అతని ముందు పెట్టింది. "ఇవి కోసుకో. గడులన్నీ నిండే ఉన్నాయి."

రసీదును మాత్రం పైనుంచి కింది దాకా, తేదీతో సహా, రెండుసార్లు చదివింది. ముద్ర స్పష్టంగా ఉందో లేదో వెలుతురుకు ఎత్తి చూసింది. మేకుకు తగిలించి, వెనక్కి జరిగి, వంకర లేదని రూఢి చేసుకుని, అన్నయ్య వైపు తిరిగింది.

"చెల్లు," అంది.